రాత్రి చూసేవాళ్ళు

ఇలా దగ్గరికి జరగండి. చేతుల్లో మొక్కజొన్న కండెలు వలుస్తూనే వినండి, నాకు మీ చెవులు చాలు. వెనకాల కూర్చున్న పిల్లా, నువ్వు కూడా ముందుకు రా. ఇది గట్టిగా అరిచి చెప్పే మాట కాదు, అలాగని గుసగుసల్లో దాచే మాటా కాదు.

వానలు ముదిరిన కాలం. ములాంజే కొండ మీదికి పొద్దున దిగిన మబ్బు మధ్యాహ్నానికి గానీ లేచేది కాదు. ఆ తడికి తేయాకు ఒకటే పొంగు. చిగురు ముదిరితే ధర పోతుందని తోట మేనేజరు వేగిరపడతాడు. ఆయన వేగిరపడితే మేస్త్రీ లాక్సన్ మమ్మల్ని వదిలే ఈల ఊదడం మరిచిపోతాడు. ఈల వినపడందే వరసల్లోంచి బయటికి రాకూడదు. ఆ సాయంత్రం పొద్దు కొండ వెనక్కి దిగిపోయింది, చెట్ల నీడలన్నీ కలిసి ఒకటే నీడ అయిపోయింది, ఈల మాత్రం మోగలేదు.

ఫైనెసికి అప్పుడు ఆరో నెల. వెనక బుట్ట, ముందు కడుపు, రెండింటి మధ్యా ఆ పిల్ల సన్నటి కర్రలా ఉండేది. వరసకీ వరసకీ మధ్య వాననీళ్ళు పోయే కాలవ ఉంటుంది, నడుం లోతు. పగలైతే దాన్ని చిన్నపిల్లలు కూడా దూకుతారు. ఫైనెసి దాని అంచుదాకా వచ్చి, ఇంకా నేల ఉందనుకుని అడుగు వేసింది.

మాకు చప్పుడు వినపడింది, అరుపు లేదు. కడుపు నేలకి తగలకుండా పక్కకి తిరిగి పడాలన్న ధ్యాసలో అరవడం కూడా మరిచిపోయింది పాపం. మోచెయ్యి చీరుకుపోయింది. బుట్టలో ఆకంతా బురదనీళ్ళలో తేలింది.

లాక్సన్ టార్చి పట్టుకుని వచ్చాడు. ముందు ఆకు మీద వేశాడు వెలుగు. తర్వాత బుట్ట మీద వేశాడు. అవన్నీ చూసుకున్నాక, ఆఖరికి, మనిషి మీద వేశాడు.

"ఈ బురద టీ ఎవరు తాగాలని కోశావే, మీ అత్తా?" అన్నాడు.

మాది కిలో లెక్కన కూలి. బురద తగిలిన ఆకు తూకానికి రాదు. పొద్దుట్నుంచీ వానలో ఆమె నిలబడ్డ నిలువంతా ఆ కాలవలోనే పోయింది. ఆ కూలితోనే ఆ పూట ఇంట్లో మొక్కజొన్న పిండితో న్సిమా ముద్ద వండాల్సింది. లాక్సన్ బుట్టని కాలితో తిరగేసి, మిగిలిన నాలుగు ఆకుల్నీ నీళ్ళలోకి తోసి వెళ్ళిపోయాడు.

మేము దిగి ఆమెని పైకి లాగాం. భయం పోగొట్టడానికి ఎవరో నవ్వుతూ, "నీ కొడుకు అప్పుడే నీ కళ్ళు మూసేశాడే" అన్నారు.

మన దగ్గర ఈ మాట ఎప్పట్నుంచో ఉంది. కడుపుతో ఉన్న మనిషికి పొద్దుగూకాక చూపు ఆనకపోతే, లోపలి బిడ్డ తల్లి కళ్ళు రెండు చేతులతో మూసి దాగుడుమూతలాడుతోందని అంటాం. పుట్టగానే చేతులు తీసేస్తుంది, తల్లికి మళ్ళీ కనిపిస్తుంది. మా అమ్మ నవ్వుతూ చెప్పింది, ఆవిడకి వాళ్ళమ్మ నవ్వుతూ చెప్పింది. అందులో జబ్బు ఉందని ఎవరికి తోస్తుంది? ముద్దు మాటకి మందు ఎవరు అడుగుతారు?

ఫైనెసి నవ్వలేదు. బురద చేత్తో నా మణికట్టు పట్టుకుని, "ఈ కడుపు రాకముందు నుంచే కనపట్లేదక్కా. మా అక్కకీ ఇట్టాగే మొదలైంది" అంది.

మా అమ్మ కాలంలో పేటకి ఒకరికో ఇద్దరికో వచ్చే చీకటి అది. ఇప్పుడు కూలి ఇళ్ళ వరసల్లో సాయంత్రమైతే గోడలు తడుముకునే ఆడవాళ్ళు ఇంటికొకరు. ఎందుకొచ్చిందో చెప్తాను. అదివరకు మా ఇళ్ళ వెనక తలా ఒక మడి ఉండేది. ఒక గుమ్మడి పాదు, చిలగడదుంప తీగ, ఒక బొప్పాయి చెట్టు. గుమ్మడాకు ఈనెలు తీసి వేరుశనగ పొడి వేసి వండితే న్సిమా దానంతట అదే గొంతు దిగేది. కొన్నేళ్ళ కిందట మేనేజరు మనుషులు కొలతాడు పట్టుకుని వచ్చారు. మడులు కూడా తోటవేనట. కాయలు దిగుతున్న పాదుల్ని పీకి గట్టు మీద పారేశారు, మా గుమ్మాల దాకా తేయాకు నాటారు. ఎండిపోతున్న తీగల్ని దాటుకుంటూ పనికి పోయాం. అప్పట్నుంచీ మా కంచాల్లో తెల్ల ముద్ద, ఉప్పు, ఎప్పుడైనా రెండు ఎండు చేపపిల్లలు. సంతలో గుమ్మడాకు కట్ట కొంటే సగం రోజు కూలి దానికే చెల్లు. ఎంత అన్యాయమో చూడండి. పొద్దస్తమానం నడుం దాకా ఆకులో నిలబడి, తినడానికి ఆకు లేక మా కళ్ళు పోయాయి.

ఇప్పుడు ఫైనెసి అక్క నాలియా సంగతి చెప్పాలి. అది చెప్పకుండా ఈ కథ నడవదు.

అంతకు ముందు ఏడాది బ్లాంటైర్ పట్నం నుంచి ఒక ఆరోగ్యం జట్టు వచ్చింది, తోటల్లో ఆడవాళ్ళ ఒంట్లో విటమిన్లు ఏ మాత్రం ఉన్నాయో చూడడానికి. మొదట సూదులు పట్టుకుని రక్తం తీయడానికి వచ్చారు. రక్తం పీల్చేవాళ్ళు తిరుగుతున్నారన్న భయం ఊళ్ళని పట్టి ఊపుతున్న రోజులవి. సూది కనపడగానే మగాళ్ళు రాళ్ళు తీశారు, బండి అద్దం పగిలింది. వెళ్ళిపోయి మళ్ళీ వచ్చారు, ఈసారి సూది లేకుండా ప్రశ్నలతో. అడిగే అమ్మాయి పేరు వనంగ్వా. మంచి పిల్లే. ఉత్తరాది నుంచి వచ్చింది, మన భాష బళ్ళో నేర్చుకుంది. క్లినిక్కు వసారాలో కూర్చుని ఒక్కొక్కరినీ అడిగింది:

"రాత్రి వేళ మీకు కనిపిస్తుందా?"

వాళ్ళ వైపు అది మామూలు మాటే కాబోలు. రాత్రి చూసేవాళ్ళంటే ఎవరో మీకు నేను చెప్పాలా? నిద్రపోయే ఇళ్ళ చుట్టూ తిరిగేవాళ్ళు, ఉయ్యాల్లో బిడ్డ ఊపిరి వినేవాళ్ళు, చేతబడి చేసేవాళ్ళు. మొదట కూర్చున్న ముసలావిడ లేచి, నడుం గుడ్డ దులుపుకుని, మాట లేకుండా వెళ్ళిపోయింది. తర్వాతావిడ ఉమ్మేసింది. ఆ తర్వాత అందరి నోటా ఒకటే జవాబు. కనిపించదు. నాకే కాదు, మా వంశంలోనే ఎవరికీ కనిపించదు. కావాలంటే పాస్టరు గారిని అడుగు. టీ పెట్టెలు లారీలో వేసుకుని తెల్లార్లూ లింబే దాకా తోలే డ్రైవరు గోలియాతి కూడా టోపీ తీసి, "పొద్దు పోతే నాకు నా చెయ్యే కనిపించదమ్మా" అన్నాడు.

మేనేజరు అది విని కడుపు చెక్కలయ్యేలా నవ్వాడట. నా లారీ ఏళ్ళ తరబడి రేచీకటివాడు తోలుతున్నాడన్నమాట, ఏదో ఉచితంగా పంచుతారని అందరూ కలిసి ఒకే అబద్ధం ఆడారు అన్నాడు. జట్టు పెద్దలూ తల ఊపారు. అన్ని జవాబులూ చెత్తబుట్టలోకి పోయాయి.

వాటిలో నాలియా జవాబు కూడా ఉంది. ఆమెదీ "కనిపించదు" అనే. ఆ పైన ఇంకో ముక్క కూడా చెప్పింది, సాయంత్రమైతే సొంత పొయ్యి కూడా తడుముకుంటున్నానని. అందరూ పరువు కోసం చెప్పిన మాటని ఆమె నిజంగా చెప్పింది. ఎవరు వేరుచేసి చూశారు? అబద్ధాల కుప్పలో ఆ నిజాన్నీ కలిపి ఊడ్చేశారు.

ఆ వానలు వెనకబట్టక ముందే నాలియా, అప్పటికి నిండు నెలలు, మసక చీకట్లో ఆకు బుట్టతో తూకం షెడ్డుకి నడుస్తూ వాగు గట్టు అంచు మీంచి కిందికి నడిచేసింది. మర్నాడు గానీ దొరకలేదు. నాటుసారా వాసన వచ్చిందని లాక్సన్ మేనేజరుకి చెప్పాడు. తాగి పడితే తోటకి సంబంధం లేదు. శవపెట్టెకి నాలుగు చెక్కలు కూడా ఇవ్వలేదు. పెళ్ళిళ్ళలో పోసే కల్లు కూడా ముట్టని మనిషిని తాగుబోతుని చేసి మట్టిలో పెట్టారు. ఆ మాట ఇప్పటికీ నా ఛాతీలో మండుతుంది.

సరే. ఫైనెసి కాలవలో పడ్డాక కొద్ది రోజులకి వనంగ్వా మళ్ళీ వచ్చింది. ఈసారి సూదీ లేదు, ప్రశ్నా లేదు. ఒక నల్ల డేరా తెచ్చింది, వెల్డింగువాళ్ళ కళ్ళజోడు లాంటిది ఒకటి, అగ్గిపెట్టెకి పెద్దన్న లాంటి చిన్న పెట్టె ఒకటి. ముందుగా క్లినిక్కు వసారాలో నిలబడి, పోయినసారి నేనడిగిన మాట తప్పు, నేనుండే ఇంటి ఆవిడతో అంటే ఆవిడ నా నోరు మూసింది అని చెప్పింది. కొందరు నవ్వారు, కొందరు మొహం తిప్పుకున్నారు.

తర్వాత ఆ సామాను సంగతి చెప్పింది. కళ్ళజోడు పెట్టుకుని డేరాలో కాసేపు చీకట్లో కూర్చోవాలి. లోపల ఆవగింజంత వెలుగు పుడుతుంది, మెల్లగా పెరుగుతుంది. కన్ను ఆ వెలుగుని గుర్తుపట్టగానే కంటిపాప దానంతటదే ముడుచుకుంటుంది, లోపలున్న చిన్న కెమెరా అది చూస్తుంది. విటమిను చాలని కంటికి ఎక్కువ వెలుగు పడితే గానీ చలనం రాదు. నోటితో ఏమీ చెప్పనక్కర్లేదు. ఇక ఆ పెట్టె మీద వేలు పెడితే, మనం తిన్న ఆకుల రంగూ గుమ్మడి రంగూ బొప్పాయి రంగూ తోలు కింద ఎంత చేరిందో దాని దీపం చెప్తుంది. కంటికి కావలసిన విటమిను ఒంట్లో ఆ రంగులోంచే తయారవుతుందట. నొప్పి లేదు, రక్తం చుక్క రాదు.

మేనేజరు వద్దనలేకపోయాడు. సముద్రం అవతల టీ కొనేవాళ్ళు కూలీలు బాగున్నారా అని అడుగుతున్నారట. కానీ మా కళ్ళు ఏం చెప్తాయో బయటికి రావడం ఆయనకిష్టం లేదు. తనకి ఇష్టంలేని పని ఆయన తన చేత్తో ఆపడు, లాక్సన్ ఉన్నాడుగా. ఆ సాయంత్రం సారా కొట్టు దగ్గర లాక్సన్ నలుగురినీ పోగేసి అన్నాడు:

"ఆ కళ్ళజోడు ఎందుకనుకుంటన్నారు? చీకట్లో ఎవరి కన్ను కదిలితే వాళ్ళు రాత్రి చూసేవాళ్ళు. నోరు అబద్ధం చెప్తాది గానీ మిషను చెప్పదు. ఎవరి పెళ్ళాం ఏంటో ఇప్పుడు తేలిపోద్ది."

అంతే. ఇంటింటా తలుపులు మూసుకున్నాయి. ఫైనెసి మొగుడు వైసన్ ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పని చేసేవాడు, నెమ్మదైన మనిషి. అతనే ఆ పూట ముద్ద ముందు కూర్చుని తినకుండా, వెళ్ళొద్దన్నాడు. పక్క గది మాది, మధ్య గోడ తడిక, మాకు అన్నీ వినపడతాయి.

"కన్ను కదిల్తే ఒక పేరు పెడతారు, కదలకపోతే ఇంకో పేరు. మనకెందుకే ఈ గొడవ?" అన్నాడు.

"మా అక్క నోటితో చెప్తే అబద్ధం అన్నారు. నా కన్ను చెప్తే ఏమంటారో చూస్తా" అంది ఫైనెసి.

"కడుపులో బిడ్డ ఉందే."

"అందుకేగా. నువ్వు పొద్దుగూకాక ఎప్పుడన్నా నా పక్కన నడిచావా? అడుగేసిన ప్రతిసారీ మా అక్క పడ్డ చోటే వస్తన్నట్టు ఉంటది."

 మర్నాడు వైసన్ పనికి పోతూ ఆమె చీరుకున్న మోచేతికి తన జేబురుమాలు కట్టి పోయాడు.

ఆదివారం ప్రార్థన అయ్యాక అందరూ క్లినిక్కు దగ్గర చేరారు, కానీ దూరంగా, బండి గుద్దుతుందేమో అన్నట్టు దూరంగా. ఫైనెసి ఒక్కతే నడిచి వెళ్ళి డేరాలో దూరింది. చాలాసేపటికి బయటికొచ్చింది. వనంగ్వా ఆమెని అడిగి, ఆమె సరేనన్నాకే, మా అందరికీ చెప్పింది. ఆవగింజ వెలుగుకి కంటిపాప కదల్లేదు. దాన్ని చింతగింజంత చేసినా కదల్లేదు. ఇంచుమించు గుడ్డిదీపం అంత చేస్తే గానీ ఆమె కన్ను గుర్తుపట్టలేదు. వేలి పెట్టె అయితే దాదాపు ఖాళీ అంది.

"మా అక్కకి కూడా ఇట్టాగే ఉండేదా?" అని అడిగింది ఫైనెసి.

వనంగ్వా తల దించుకుంది. చూడని కంటి గురించి చెప్పలేనంది. మళ్ళీ తల ఎత్తి, ఆమె చెప్పింది మేము నమ్మి ఉండాల్సింది అంది. మందు బిళ్ళలు ఇచ్చింది, కడుపుతో ఉన్నవాళ్ళకి తగినవే. ఆకుకూరలు తినాలి, గుమ్మడి పెంచుకోండి అని కూడా చెప్పింది.

"ఎక్కడ పెంచమంటావమ్మా, నా నెత్తి మీదా?" అంది ఫైనెసి.

ఆ పిల్ల చుట్టూ చూసింది. క్లినిక్కు గోడ దాకా తేయాకే. 

అప్పుడు వెనక నుంచి లాక్సన్ నవ్వాడు. "కనపడనోళ్ళ సంగతి తేలింది. ఇక కనపడేవాళ్ళు రండమ్మా. సిగ్గెందుకు?"

ఎవరూ కదల్లేదు. వనంగ్వా మెల్లగా బతిమాలింది. కదలని కన్ను ఒక్కటే చూపిస్తే మిషనే చెడిందంటారు, కదిలే కన్ను కూడా పక్కన ఉంటేనే ఈమె మాట నిలబడుతుంది అని. అర్థమైంది అందరికీ. అర్థమైన కొద్దీ అందరూ ఇంకొక్క అడుగు వెనక్కి వేశారు. ఫైనెసి మా వైపు చూస్తూ నిలబడింది. అంత ఎండలో ఆమె కళ్ళు మా ఒక్కొక్కరి మొహం మీదా ఆగి ఆగి కదిలాయి.

ఏటి అవతల సొంత భూమి చెక్కలో ఉండే ఎలూబె అత్త గుమ్మడాకు అమ్ముకోవడానికి వచ్చి ఉంది. మొగుడు పోయాడు, పిల్లలు లేరు, ఒంటరి ముసలిది. అలాంటి మనిషి మీద ఆ నింద పడడానికి ఎంతసేపు పడుతుందో, పడ్డాక ఏం చేస్తారో మీకు తెలియంది కాదు. పొరుగు పేటలో ఒకావిడ ఇంటికి నిప్పు పెట్టి ఏడాది కాలేదు. ఎలూబె నెత్తి మీది గంప దించింది. నడుం గుడ్డ సర్దుకుంది.

"నాకు రాత్రి కనిపిస్తుంది" అంది.

ఈ కొండ కింద ఆ మాట ఒక ఆడది తన నోటితో అనగా నేను వినడం అదే మొదలు. ఎవరో ఆమె చెయ్యి పట్టుకుని, ఊరుకో అత్తా అన్నారు.

"ఎందుకు ఊరుకోవాలే? కోళ్ళగూడు తడుముకోకుండా మూస్తా. ముంగిస వస్తే ముంగిసని తెలుస్తది, పిల్లి వస్తే పిల్లి అని తెలుస్తది. రోజూ గుమ్మడాకు తింటా, అదీ నా మంత్రం. మీరూ తినేవాళ్ళే, పీకించుకునేదాకా." లాక్సన్ వైపు తిరిగింది. "ఒరే, నువ్వు అడ్డం తిరిగి పుట్టిన రాత్రి ఏరు దాటి వచ్చి నిన్ను లాగింది నేను. అప్పుడు నా చూపు గురించి మీ అమ్మ ఏమీ అనలా."

డేరాలోకి పోయింది. ఆవగింజ వెలుగు పుట్టగానే ఆమె కంటిపాప ముడుచుకుందట. వేలి పెట్టె దీపం చివరిదాకా పోయిందట. వనంగ్వా ఆ రోజు మొదటిసారి నవ్వింది, లోపలి నుంచి వినపడింది. బయట మాత్రం ఒక తల్లి పసిబిడ్డ మొహం మీద గుడ్డ కప్పింది. ఎక్కడి నుంచో ఒక మట్టిగడ్డ వచ్చి డేరా పక్కకి తగిలింది. ఎలూబె బయటికొచ్చి మట్టిగడ్డని చూసి, చెప్పుతో పక్కకి నెట్టి, గంప పక్కన కూర్చుంది.

అప్పుడు డ్రైవరు గోలియాతి టోపీ నలుపుకుంటూ ముందుకొచ్చాడు.

"నన్నూ చూడు తల్లీ. రాత్రి లారీ తోలేది నేనే. కళ్ళు మూసుకుని తోలట్లా."

మొదట ఎవరికో నవ్వొచ్చింది, తర్వాత అందరికీ వచ్చింది. పోయినేడు తామేం చెప్పారో అందరికీ ఒక్కసారి గుర్తొచ్చింది. ఆ నవ్వులోనే ఒకావిడ కదిలింది, ఆమె వెనక ఇంకొకావిడ. పొద్దు వాలేదాకా డేరా ఖాళీ లేదు. మగాళ్ళ కళ్ళు చాలామందివి పర్లేదు, ముసలాళ్ళవీ కొంత నయం. కడుపుతో ఉన్నవాళ్ళు, చంటిబిడ్డలకి పాలిచ్చేవాళ్ళు, ఆకు కోసే ఆ వయసు ఆడవాళ్ళలో ఒకరి తర్వాత ఒకరికి అదే చీకటి. బిడ్డలు కళ్ళు మూయలేదు. తోట మూసింది.

వనంగ్వా ఆ సంగతులన్నీ పట్టుకుని మేనేజరు దగ్గరికి పోయింది. బండి తోలిన గోలియాతి కిటికీ పక్కనే నిలబడి విన్నాడు. మసక పడకముందే ఆడవాళ్ళని వదలండి, మడులు తిరిగి ఇవ్వండి అని అడిగిందట. ఆయన మర్యాదగా విన్నాడు. మంచి టీ ఇప్పించాడు. మీరు కొలవడానికి వచ్చారు, కొలిచారు, ఇక తోట సంగతి తోట చూసుకుంటుందన్నాడు.

ఎలా చూసుకుందో వినండి. మర్నాటి నుంచి కళ్ళు ఆననివాళ్ళు పనిలోకి రావద్దని లాక్సన్ ఇళ్ళ ముందు తిరిగి చాటాడు. కాలవల్లో పడి తోటకి చెడ్డపేరు తెస్తారట. కొలిచింది మా ఆకలిని. శిక్ష పడింది ఆకలితో ఉన్నవాళ్ళకే. కూలి లేకపోతే ఆ తెల్ల ముద్ద కూడా లేదు, అప్పుడు బిళ్ళలు దేనితో మింగాలి? దొంగతనం చేసినవాడే వచ్చి, నీ ఇంట్లో ఏమీ లేదు కాబట్టి నువ్వు ఇల్లు ఖాళీ చెయ్యి అన్నట్టు ఉంది.

ఇంకోటి. తెల్లారి చూస్తే ఎలూబె గుమ్మడి పాదులన్నీ మొదలంటా నరికి ఉన్నాయి. ఎవరు నరికారని అడిగితే, రాత్రి కదా, ఎవరూ చూడలేదంట.

ఆ పొద్దున ఫైనెసి బుట్ట తగిలించుకుని వరస దగ్గరికి వచ్చింది. ఆమె వెనక మిగతావాళ్ళూ వచ్చారు, వద్దన్నవాళ్ళందరూ.

"నీకు చెప్పలేదటే?" అన్నాడు లాక్సన్.

"చెప్పావు."

"మరేంటి?"

"పొద్దు ఉన్నంతసేపు నాకు నీకంటే బాగానే కనిపిస్తది. పొద్దు ఉన్నంతసేపు కోస్తా. పొద్దు దిగుతుంటే పోతా."

"ఎప్పుడు పోవాలో చెప్పేది నేను."

"నువ్వు చెప్పేదాకా ఆగింది మా అక్క" అంది ఫైనెసి. వంగి చిగురు తెంపడం మొదలుపెట్టింది.

లాక్సన్ కర్ర ఎత్తాడు, దించాడు. ఆకు అప్పటికే ముదురుతోంది, అంతమందిని గెంటేస్తే కోసేవాళ్ళు లేరు. సాయంత్రం తూకం దగ్గర చూసుకుందాం, కడుపు మాడితే వాళ్ళే దారికొస్తారు అనుకుని ఉంటాడు. రోజంతా కోశాం. ఎవరూ పాట పాడలేదు. ముందెన్నడూ లేనంత వేగంగా కోశాం, ఎందుకో నాకిప్పటికీ తెలియదు.

పొద్దు కొండ భుజం మీద ఆనగానే ఫైనెసి నడుం నిలబెట్టింది. బుట్ట పట్టీ నుదుటి మీద సర్దుకుని, నేల స్పష్టంగా కనిపిస్తుండగానే వరసలోంచి బయటికి నడిచింది. కళ్ళు ఆననివాళ్ళు ఆమె వెంట నడిచారు. అప్పుడు పై వరసలోంచి ఒకావిడ, ఆదివారం డేరాలో కళ్ళు బాగున్నాయని తేలినావిడ, "ఆగండే, నేనూ వస్తన్నా" అంది. ఆ తర్వాత వరసలకి వరసలే కదిలాయి. చీకట్లో కూడా కోయగలిగినవాళ్ళందరూ వెలుతురుండగానే చేతులు దించేశారు.

లాక్సన్ పక్క గట్టు మీద పరిగెత్తుతూ పేరు పేరునా పిలిచాడు. రేపు ఒక్కదానికీ పని లేదన్నాడు. ఇళ్ళు ఖాళీ చేయిస్తానన్నాడు. ముసలి మంత్రగత్తె మందు పెట్టిందన్నాడు. ఎవరూ తల తిప్పలేదు. ఫైనెసి మాత్రం ఒక్కసారి ఆగింది.

"మా అక్క తాగలేదు" అంది. అరవలేదు, మామూలుగానే అంది. మళ్ళీ నడిచింది.

మేము షెడ్డుకి చేరేసరికి తూకం గది తలుపుకి తాళం వేసి ఉంది. బుట్టలు దాని ముందు దింపాం, ఒకదాని పక్కన ఒకటి, ముంగిలి నిండేదాకా. కోసిన ఆకుని అలా నొక్కి ఉంచితే లోపల వేడి పుడుతుంది, తెల్లారేసరికి ఎర్రబడి పనికిరాకుండా పోతుంది. మేము బుట్టల పక్కన కూర్చున్నాం. ఇంటికి పొమ్మని ఎవరూ అనలేదు, పోదామనీ అనలేదు. వైసన్ ఫ్యాక్టరీ మసి మొహంతోనే వచ్చి ఫైనెసి పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఆమె పక్క బుట్టలో చెయ్యి పెట్టి చూసి, అప్పుడే వెచ్చబడుతోంది అంది. దూరాన మేనేజరు బంగళా వైపు నుంచి బండి దీపాలు రెండు మలుపు తిరిగి మా వైపు దిగుతున్నాయి.

మర్నాడు ఏమైందని నన్ను అడగకండి. ఆ సాయంత్రాన్ని ఆ సాయంత్రంగానే గుర్తుపెట్టుకోండి, రెండు దీపాలు దిగుతుండగా మేము లేవకుండా కూర్చున్నామని. మీ పిల్లలకి చెప్పేటప్పుడు ఎలూబె అన్న మాట ఆమె అన్నట్టే చెప్పండి, మింగకండి. ఇంకేది మరిచినా నాలియా పేరు మరవద్దు. ఆమె నిజం చెప్పింది, ఎవరూ వినలేదు. ఆమె తాగి పడలేదు. ఆమెకి దారి కనపడలేదు. ఎవరైనా తాగి పడిందంటే, అక్కడే, ఆ నోటి ముందే, కాదని చెప్పండి.